మాఫీ జీవాలకు, నిద్ర మనిషికి

శ్రీ ఎగుర్ల బాలన్న గారు మన పశు రవాణా సంస్థలో 1998వ సంవత్సరం ఫిబ్రవరి 9వ తేదీన, సోమవారం నాడు, దొడ్డి కూలీగా చేరారు. నాటి నియామక పత్రంలో వృత్తి అనే గడిలో ఎవరో 'హెల్పర్' అని రాసి, దాని కింద పెన్సిలుతో 'గొర్రెలు తెలుసు' అని చేర్చారు. ఆ రెండు మాటలూ చేర్చిన మహానుభావుడెవరో గానీ, ఇరవై ఏడేళ్ళ పైచిలుకు సాగిన సేవాజీవితాన్ని అంతకంటే పొదుపుగా, అంతకంటే సత్యంగా వర్ణించడం ఈ వ్యాసకర్త వల్ల కాదు. అయినా వారి పదవీ విరమణ సంచిక కోసం సహోద్యోగులు అప్పగించిన బాధ్యత గనుక, యార్డు గేటు దగ్గర డ్రైవర్ల పనిగంటల పుస్తకం రాసే ఆ చేతితోనే ఈ నాలుగు మాటలూ రాయడానికి సాహసిస్తున్నాడు.

జగిత్యాల ప్రాంతంలో తరతరాలుగా గొర్రెల మందలను నమ్ముకుని బతికిన కుటుంబంలో జన్మించిన బాలన్న గారు, ఊళ్ళో 'దుబాయి పోతున్న' అని చెప్పి బహ్రెయిన్‌లో దిగారు. ఇన్నేళ్ళయినా ఆ భూగోళశాస్త్రంలో మార్పేమీ రాలేదు; వారి లెక్కలో హమద్ టౌన్ శివార్లలోని మన యార్డు దుబాయిలోనే ఉంది. అయితే గొర్రె విషయంలో మాత్రం వారి శాస్త్రం తిరుగులేనిది. ఓడ దిగి వచ్చిన గొర్రె వెలుతురులోంచి బండి లోపలి నీడలోకి అడుగు పెట్టదు. కర్రలతో కొట్టినా, 'యల్లా యల్లా, పద పద' అని గొంతులు చించుకున్నా, నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపట్టి నిలబడుతుంది. ముందున్నది ఒక్కటి కదిలితే మాత్రం వెనకున్న మూడు వందలూ మారుమాట లేకుండా కదులుతాయి. చేరిన మూడో నెలలోనే బాలన్న గారు ఒక నల్ల మేకపోతును మచ్చిక చేసి, మెడలో గంట కట్టి, దాన్ని ముందు నడిపించి, కర్ర ఎత్తకుండా బండెడు గొర్రెలను ఎక్కించారు. మంద ముందు నడుస్తుంది గనక దానికి సర్పంచ్ అని పేరు పెట్టారు. ఆ మేక కాలం చేశాక దాని స్థానంలో వచ్చిన ప్రతి మేకా, ఎన్నికలతో నిమిత్తం లేకుండా, సర్పంచ్ గానే కొనసాగింది.

2003లో వారు భారీ వాహనాల లైసెన్సు సంపాదించి మూడంతస్తుల గొర్రెల లారీకి డ్రైవరయ్యారు. రేవు నుంచి యార్డుకు, యార్డు నుంచి కబేళాకు, సౌదీ వైపు నుంచి సముద్రపు వంతెన మీదుగా మన దొడ్లకు వారు తోలిన సరుకు అపారం. వారి బండిలో గొర్రె చచ్చిందన్న మాట ఏడాదికి ఒకసారి వినడం కూడా అరుదు. మలుపు దగ్గర వేగం తగ్గిస్తే గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడవనీ, ఎండలో బండి ఆపితే గాలి ఆడక పై అంతస్తులోవి ముందు పోతాయనీ కొత్త డ్రైవర్లకు ఓపికగా నేర్పిన గురువు వారు. ఆ శిష్యుల్లో ఒకరు పక్క ఊరివాడైన లక్ష్మణ్. బాలన్న గారి మాట మీదనే అతను ఇక్కడికి వచ్చాడు, బాలన్న గారి పక్క సీట్లో కూర్చునే బండి నేర్చుకున్నాడు.

2011లో మన సంస్థ ఒక మంచి నియమం తెచ్చింది. రోజుకు తొమ్మిది గంటలు నడిపిన డ్రైవరు బండి తాళం చెవిని గేటు దగ్గర బోర్డుకు తగిలించి, మరునాటి దాకా దాన్ని ముట్టుకోకూడదు. ఆ నియమానికి ఎనిమిదో క్లాజులో ఒక మినహాయింపు కూడా ఉంది: బండిలో ప్రాణులున్నంతసేపు గంటల లెక్క వర్తించదు. అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. సిమెంటు బస్తాలు ఎండలో ఆగుతాయి, గొర్రెలు ఆగవు. గంటలు నిండాయని నడిరోడ్డు మీద గొర్రెల బండి ఆపేస్తే ఆ పాపం ఎవరిది? డ్రైవర్లు ఈ మినహాయింపును ముద్దుగా 'మాఫీ' అన్నారు. మాఫీ అనే మాట చెవిన పడితే మనవాళ్ళ ముఖాలు ఎలా వెలుగుతాయో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఇక్కడే, అభినందన వ్యాసాల్లో సాధారణంగా కనిపించని ఒక ఘట్టం మొదలవుతుంది. దీన్ని రాయడానికి ఈ వ్యాసకర్త మొదట ఒప్పుకోలేదు. రాయమన్నది బాలన్న గారే.

నియమం వచ్చిన మరుసటి ఏడు, ఒకరోజు సాయంత్రం, సరుకు దించి వచ్చిన బాలన్న గారి లారీ గేటులో ఆగింది. పుస్తకం ప్రకారం పది గంటలు దాటాయి.

"ఖాళీ బండే కదండీ బాలన్న గారూ, తాళం ఇచ్చేయండి మరి," అన్నాడు కిటికీలోంచి ఈ వ్యాసకర్త.

"ఖాళీ ఏడున్నది మణికుమార్ సార్? ఎనక సర్పంచ్ కూసున్నడు గద," అన్నారు వారు, నవ్వుతూ.

నిజమే, వెనక మేక ఉంది. ఎక్కించడానికీ దించడానికీ అది కావాలి గనక ఎప్పుడూ బండిలోనే ఉంటుంది. క్లాజులో ప్రాణులు ఎన్ని అని లేదు, పుస్తకంలో సంఖ్య రాసే గడి కూడా లేదు. కాకినాడలో డిగ్రీ చదువుకున్న ఈ వ్యాసకర్త ఆ తర్కానికి పడిపడి నవ్వి, గడిలో 'ప్రాణి ఉంది' అని రాసి, బండిని మరో ట్రిప్పుకు వదిలాడు. తెలివికి తెలివి, పనికి పని. నెల తిరగకుండా యార్డులోని ఆరు బండ్లకూ ఆరుగురు సర్పంచులు వెలిశారు. గొర్రెదాటు అంటే గొర్రెలకే అనుకుంటాం గానీ, ఆ రోజుల్లో మందను మించి దూకినవాళ్ళం మేమే. పెద్ద పనుల వారాల్లో పన్నెండు గంటలూ, పద్నాలుగు గంటలూ బండ్లు తిరిగేవి. పై అధికారులకు పుస్తకం సక్రమంగా కనిపించేది, బండిలో మేక అందరికీ కనిపించేది, ఎవరికీ అనుమానం రాలేదు. ఆరేళ్ళు అలా గడిచాయి.

2018 ఆగస్టులో, బక్రీదుకు నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం రెండు కావస్తోంది. లక్ష్మణ్ స్టీరింగు పట్టి అప్పటికి పద్నాలుగు గంటలు. అతని మేకకు కిందటి ట్రిప్పులో కాలు బెణికి షెడ్డులో కట్టేసి ఉంది గనక అతని బండి ఇప్పుడు నిజంగానే ఖాళీ. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. తాళం చెవి బోర్డుకు తగిలించడానికి వచ్చాడు. సఖీర్ ఎడారిలో పండగ కోసం వేసిన తాత్కాలిక దొడ్డి నుంచి ఇంకో బండెడు గొర్రెలు తేవలసి ఉంది. అప్పుడే తన బండి నిలిపి అన్నానికి వెళ్ళబోతున్న బాలన్న గారు ఆగి, "ఒక్క ట్రిప్పే గద తమ్మీ, మా సర్పంచ్‌ను ఏసుకోని పో," అన్నారట. తమ చేతులతోనే మేకను ఆ బండి ఎక్కించారు. కిటికీలోంచి చూస్తున్న ఈ వ్యాసకర్త గడిలో ఎప్పటిలాగే 'ప్రాణి ఉంది' అని రాశాడు.

సఖీర్ మలుపుకు చేరేలోగా లక్ష్మణ్‌కు కునుకు పట్టింది. బండి పక్క కంచెను ఢీకొని బోల్తా పడింది. దేవుడి దయ వల్ల దారిలో మరో వాహనం లేదు. మనవాళ్ళలో అందరికంటే ముందు అక్కడికి చేరింది బాలన్న గారే. పోలీసులు లక్ష్మణ్‌ను బయటకు తీస్తూ ఉండగా, బోల్తాపడిన బండి నీడన ఆ మేక గీత కూడా పడకుండా నిలబడి ఉందట. మూడో రోజున ఆసుపత్రిలో, కుడి కాలు మోకాలి కింద నుంచి తీసేశాక, మెలకువ వచ్చిన లక్ష్మణ్ మొదట అడిగిన మాట: "అన్నా, సర్పంచ్ బతికిండా?"

విచారణ జరిగింది. బండిలో ప్రాణి ఉన్నట్టు పుస్తకం చెప్పింది, ప్రాణి ఉన్న బండికి గంటల నియమం వర్తించదని క్లాజు చెప్పింది. కాగితం మీద ఎవరి తప్పూ లేదు. మేక సంగతి బాలన్న గారు చెప్పలేదు. ఈ వ్యాసకర్త చెప్పలేదు. లక్ష్మణ్ అసలే చెప్పలేదు. ఫైలు మూసేశారు. కాలు లేని మనిషి విమానం ఎక్కి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ నెలలోనే బాలన్న గారు స్టీరింగు వదిలి, యార్డు డ్యూటీ ఇన్‌చార్జిగా బాధ్యత స్వీకరించారు. పదోన్నతి అని మేమందరం లడ్డూలు పంచుకున్నాం. వారు ఒక్కటీ ముట్టుకోలేదు. చేరిన మొదటి రోజునే ఆరు మేకలనూ బండ్లలోంచి దింపించి, ఎక్కించే చోట రెండు, దించే చోట రెండు చొప్పున కట్టించారు. మిగిలిన రెండూ దొడ్డికి పోయాయి. పని ముగిశాక మేక బండిలో ఉండడానికి వీల్లేదు. ఆ తర్వాత, మన సంస్థకు నేడు మంచి పేరు తెచ్చిన మార్పిడి పద్ధతిని ప్రవేశపెట్టారు. గొర్రెల బండి ఆగదు, తోలే మనిషి మారతాడు. వంతెన దిగిన చోట ఒకరు, సఖీర్ మలుపు దగ్గర ఒకరు, నిద్రపోయి లేచిన డ్రైవర్లు సిద్ధంగా ఉంటారు. గంటలు నిండినవాడు దిగుతాడు, కొత్తవాడు ఎక్కుతాడు, ఇంజను ఆపకుండానే బండి కదులుతుంది.

దీన్ని అమలు చేయడానికి వారు పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. మాఫీ రుచి మరిగిన డ్రైవర్లు ఊరుకుంటారా? క్లాజు చూపించి వాదించేవారు, అలిగేవారు, ఓవర్‌టైం పోతోందని శాపనార్థాలు పెట్టేవారు. వారు గేటులో అడ్డంగా నిలబడి ఒకటే మాట అనేవారు: "మాఫీ జీవాలకు ఇచ్చిన్రు. నీకు గాదు. దిగు." కోపం లేదు, కేకలు లేవు. డ్రైవరు కళ్ళలోకి ఒకసారి చూసి తాళం చెవి తీసుకునేవారు. ఏడేళ్ళలో మన బండి ఒక్కటీ రోడ్డు దిగలేదు. ఆ ఏడేళ్ళూ వారు తెల్లారకముందే, అందరికంటే ముందు యార్డులో ఉండేవారు. ఎంత క్రమశిక్షణ అని మేము మెచ్చుకునేవాళ్ళం, వార్షిక సభలో అందుకు ఒక ప్రశంసాపత్రం కూడా ఇచ్చాం.

మార్పిడి పద్ధతి నడుస్తోంది గానీ, ఎనిమిదో క్లాజు మాత్రం పుస్తకంలో అలాగే ఉంది. దాన్ని సవరించమని బాలన్న గారు మన రవాణా మేనేజరు శ్రీ వెంకటరాజు గారిని రెండుసార్లు కోరారు. వెంకటరాజు గారు ధర్మాత్ములు, కానీ కారణం లేకుండా కాగితం కదిలించే అలవాటు లేనివారు. "ఏడేళ్ళుగా చిన్న గీత కూడా పడలేదు కదండీ, బాగా నడుస్తున్న రూలును కదపడం దేనికి?" అన్నారు. ఆ మాటకు బాలన్న గారి దగ్గర జవాబు ఉంది, కానీ చెబితే మొదట చెప్పవలసింది మేక గురించి. రెండుసార్లూ తల వంచుకుని వచ్చేశారు.

గత నెలలో ఈ సంచిక కోసం వివరాలు సేకరించడానికి ఈ వ్యాసకర్త వారి గదికి వెళ్ళాడు. చేరిన తేదీ, లైసెన్సు తేదీ, ఇన్‌చార్జి అయిన తేదీ వారు వరుసగా చెప్పారు.

"మేక సంగతి రాయున్రి సార్," అన్నారు చివరికి.

"అదేంటండీ! శాలువా కప్పే రోజున ఎవరైనా అది చదువుతారా? ఊరి నుంచి మీ శ్రీమతి చిన్నవ్వ గారు వస్తున్నారు, పిల్లలు వస్తున్నారు. అందరి ముందూ పేరు పాడుచేసుకుంటారా?"

"నేను పోయినంక ఈ కుర్సీల దేవేందర్ కూసుంటడు. మంచి పిలగాడే. రేపు ఎవడన్న మేకను ఏసుకోని వచ్చి, క్లాజు జూపెట్టి, నేను పోత అంటే ఏం జెప్పి ఆపుతడు? నా లెక్క మొండిగ నిలవడాలె అంటే, ఆనికి నా లెక్క ఒక లక్ష్మణ్ ఉండాల్నా సార్?"

వ్యాసకర్త కలం మూత తీశాడు.

"నా పేరు పోతె పోనియ్యున్రి. నాకైతె ఆ దినం సంది నిద్ర పడ్తలేదు. కండ్లు మూస్తె మేక గంట ఇనవడ్తది. అందరు తొందరగ వస్తడని మెచ్చుకున్నరు గని, పండుకుంటె గద సార్ లేసుడు."

అప్పటికప్పుడే, ఈ వ్యాసకర్త ఎదుటనే, వారు లక్ష్మణ్‌కు ఫోను చేశారు. ఊళ్ళో పిండి గిర్ని నడుపుకుంటున్న లక్ష్మణ్ మాటల వెనక గిర్ని చప్పుడు వినిపిస్తూనే ఉంది. సంగతంతా విని, భార్య సరితను గిర్ని ఆపమన్నాడు. తర్వాత గొంతు స్పష్టంగా వచ్చింది.

"రాయించు అన్నా. గని తప్పు రాయొద్దు. మేకను ఇయ్యుమని అడిగింది నేను."

"నువ్వు అడగలె. నేనే పోతవా అన్న."

"నేనే అడిగిన. గట్లనే రాయించు. ఏడేండ్ల సంది నువ్వు ఫోన్ల మంచిగున్నవా అంటవు గని, మాట ముందుకు పోనియ్యవు. నీ మీద నాకేం లేదన్నా. ఇగ ఇప్పుడన్న పండుకో."

ఎవరు ముందు అడిగారో కిటికీ అవతల కూర్చున్న ఈ వ్యాసకర్తకు ఆ రోజు వినపడలేదు. ఇద్దరూ తప్పు తమదేనంటున్నారు. వాళ్ళ మాటలకు సాక్ష్యం లేదు. సాక్ష్యం ఉన్నది ఒక్క తప్పుకే: 2018 ఆగస్టు పుస్తకంలో, లక్ష్మణ్ పేరు ఎదుట, పద్నాలుగు గంటల పక్కన, 'ప్రాణి ఉంది' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. ఆ దస్తూరీ ఈ వ్యాసకర్తది. ఆ బండిలో రెండు ప్రాణులున్నాయని, వాటిలో ఒకటి మనిషని అప్పుడు తట్టలేదు. అందుకు లక్ష్మణ్‌ను, బాలన్న గారిని, ఈ సంచిక చదివే అందరినీ క్షమాపణ వేడుకుంటున్నాడు.

ఈ వ్యాసం చిత్తుప్రతిని, 2018 పుస్తకంతో సహా, ఈ వ్యాసకర్త స్వయంగా వెంకటరాజు గారి బల్ల మీద పెట్టాడు. ఇద్దరి ఉద్యోగాలకూ ఏమవుతుందో తెలియకుండానే పెట్టాడని నిజాయితీగా ఒప్పుకోవాలి. రెండు రోజులు వారి నుంచి కబురు లేదు. మూడో రోజు బుధవారం మధ్యాహ్నం చిత్తుప్రతి తిరిగి వచ్చింది. ఒక్క అక్షరం కొట్టివేయలేదు. దానితో పాటు, కంపెనీ ముద్రతో, సవరించిన ఎనిమిదో క్లాజు వచ్చింది: ప్రాణులున్న బండి గమ్యం చేరేదాకా ఆగనక్కరలేదు, బండిలో ఎన్ని ప్రాణులున్నా, తోలే మనిషికి తొమ్మిది గంటలు దాటరాదు, ప్రాణుల సంఖ్యను పుస్తకంలో రాయాలి. కింద వెంకటరాజు గారు చేతిరాతతో 'ముందే చెప్పి ఉండవలసింది' అని రాశారు. అది మా ముగ్గురికీ చెందిన మాటే, శిరసావహిస్తున్నాం.

దేవేందర్ ఆ కాగితాన్ని తాళం చెవుల బోర్డు పక్కన అతికిస్తుంటే, బాలన్న గారు దూరంగా నిలబడి, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నారు. పనివేళ ముగియగానే బయలుదేరి వెళ్ళిపోయారు.

మరునాడు గురువారం ఉదయం యార్డు తెరిచారు, బండ్లు కదిలాయి, ఎండ గేటు మెట్టు దాకా వచ్చింది, బాలన్న గారు రాలేదు. ఏడేళ్ళలో అలా జరగలేదు. దేవేందర్ కంగారుపడి వారుండే క్యాంపుకు మనిషిని పంపబోతుండగా, గంటన్నర ఆలస్యంగా, దువ్వని తలతో, సిగ్గుపడుతూ వారు గేటులోకి వచ్చారు. ఆ వయసులో ఆ సిగ్గు చూడముచ్చటగా ఉంది.

"ఏమైందండీ?" అన్నాడు ఈ వ్యాసకర్త, పుస్తకం తెరుస్తూ.

"నిద్ర పట్టింది సార్," అన్నారు వారు.

ఆలస్యాన్ని పుస్తకంలో ఉన్నదున్నట్టుగా గంటన్నర అని రాశాము. కారణం గడిలో 'నిద్ర' అని రాశాము. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ వ్యాసకర్త ఇంత సంతోషంగా నింపిన గడి మరొకటి లేదు.

బండెడు ప్రాణులను గమ్యం చేర్చడం మాత్రమే కాక, తోలే మనిషిని కూడా ఇల్లు చేర్చాలని మాకు నేర్పిన బాలన్న గారికి సంస్థ తరఫున, డ్రైవర్ల తరఫున, ఊళ్ళో గిర్ని దగ్గర కూర్చుని ఈ వీడ్కోలు సభను ఫోనులో చూస్తున్న లక్ష్మణ్ తరఫున హృదయపూర్వక అభినందనలు. ఇన్నేళ్ళూ వారిని మాకు అప్పగించి ఓర్చుకున్న శ్రీమతి చిన్నవ్వ గారికి మా కృతజ్ఞతలు. బాలన్న గారు చిన్నవ్వ గారితో కలిసి ఆయురారోగ్యాలతో నూరేళ్ళూ చల్లగా ఉండాలనీ, కడుపునిండా అన్నం, కంటినిండా నిద్ర వారికి ప్రతిరోజూ దక్కాలనీ మనసారా కోరుకుంటున్నాం. చిన్నవ్వ గారికి ఒక్క మనవి: పొద్దెక్కినా వారు లేవకపోతే, దయచేసి లేపకండి.